చిన్న లేకుల్లో చేపలకి అల్యూమినియం పడవ: పొడవు కంటే అడుగు వెడల్పు ముందు చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: డల్లాస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో ఉంటున్నారు. ఇన్నాళ్లూ గట్టు మీద నుంచే గాలం వేశారు, ఇప్పుడు నీళ్లలోకి దిగాలనుంది. మీరు, మీ ఆవిడ, ఎనిమిదేళ్ల బాబు, అప్పుడప్పుడు ఒక స్నేహితుడు. పెద్ద అలల జోలికి పోరు. కారు మామూలు పెట్రోల్ రావ్4. ఎవరో 12 అడుగుల జాన్ బోట్ (చదును అడుగుండే చిన్న పడవ) చవగ్గా ఇస్తానంటున్నారు. అది తీసుకోవచ్చా, దానికి బ్యాటరీతో మెల్లగా నడిపే కరెంటు ట్రోలింగ్ మోటారు ఒక్కటి చాలా, పాతది కొనడం తెలివైన పనేనా అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఆ 12 అడుగులది వదిలేయండి. 14 అడుగుల పొడవు, 48 అంగుళాల అడుగు వెడల్పు ఉన్నది చూడండి. ముక్కు దగ్గర కాస్త వి-ఆకారం ఉంటే ఇంకా మంచిది. 9.9 నుంచి 20 హెచ్‌పీ పెట్రోల్ మోటారు పెట్టి, ట్రోలింగ్ మోటారుని దానికి తోడుగా వాడండి. పడవ పాతదైనా పర్వాలేదు. మోటారు మాత్రం పాతది కొనేముందు రెండుసార్లు ఆలోచించండి.

జాన్ బోట్ల పేర్లలోనే కొలతలుంటాయి. 1232 అంటే 12 అడుగుల పొడవు, అడుగుభాగం 32 అంగుళాల వెడల్పు. 1436, 1448, 1648 కూడా అంతే. అందరూ మొదటి రెండు అంకెలే చూస్తారు. నిలబడి గాలం విసిరేవాళ్లకి ఆ తర్వాతి రెండే ముఖ్యం. 32 అంగుళాల అడుగు మీద ఒక మనిషి నిలబడి పక్కకి వంగితే అంచు నీళ్ల వైపు దిగిపోతుంది. అదే క్షణంలో పిల్లాడు 'నాన్నా చేప' అంటూ అటే పరిగెత్తుకొస్తాడు. 36 అంగుళాలది ఇద్దరు పెద్దవాళ్లు కూర్చుని పట్టుకోవడానికి సరిపోతుంది. ఒకరు నిలబడి, మిగతావాళ్లు కదులుతూ ఉండాలంటే 48 కావాలి. పొడవు రెండడుగులు పెరిగితే సామాను పెట్టుకునే చోటు పెరుగుతుంది. వెడల్పు ఒక అడుగు పెరిగితే పడవ స్వభావమే మారిపోతుంది.

మన కృష్ణలో, శ్రీశైలం, సాగర్ వెనక నీళ్లలో తిరిగే పుట్టి గుర్తు తెచ్చుకోండి. అడుగు చదును, వెడల్పు ఎక్కువ, లోతు తక్కువ. జానెడు నీళ్లున్నా తేలుతుంది, నిశ్చలంగా ఉన్న నీళ్లలో ఒకపట్టాన ఒరగదు. గాలి లేస్తే మాత్రం ఎటు పడితే అటు కొట్టుకుపోతుంది. జాన్ బోట్ గుణం కూడా అదే. చదును అడుగుకి మొదటి ఒరుగు తక్కువ. అందుకే ఎక్కగానే 'అబ్బ, ఎంత గట్టిగా ఉందో' అనిపిస్తుంది. అయితే ఒక హద్దు దాటిందంటే మళ్లీ నెమ్మదించే అవకాశం ఇవ్వదు, ఒక్కసారిగా నీళ్లు లోపలికి వచ్చేస్తాయి.

అలలు లేని నీళ్లు అన్నారు కాబట్టి ఒక మాట. మీకు దగ్గర్లోని లూయిస్‌విల్ లేక్ సుమారు 29 వేల ఎకరాలు, లవాన్ సుమారు 21 వేలు. పొద్దున ఆరింటికి అద్దంలా ఉన్న నీళ్లే, దక్షిణపు గాలి లేచాక మధ్యాహ్నానికి తెల్లటి నురగ కడతాయి. గాలికి అడ్డులేని నీటి మేర ఎంత పొడవుంటే అల అంత పెరుగుతుంది. కాబట్టి పడవని ఎంచుకున్నట్టే చోటుని కూడా ఎంచుకోవాలి. గాలి వచ్చే వైపు గట్టుకి దగ్గరగా, పాయల్లో, చెట్ల చాటున ఉండే నీళ్లే 14 అడుగుల చదును పడవకి తగినవి. గాలి గంటకి 12 మైళ్లు దాటుతుందని సూచన ఉంటే ఆ రోజు లేక్ నడిమధ్యకి వెళ్లకండి. అడుగు ఎత్తు అల చాలు, చదును ముక్కు ప్రతి అలకీ దబ్బు దబ్బుమని కొట్టి నడుము విరగ్గొడుతుంది. వి-ముక్కు ఉన్నవి, అంటే 'మాడ్-వి' అంటారే అవి, ఆ దెబ్బని కొంత చీలుస్తాయి. అడుగు మిగతా అంతా చదునే కాబట్టి స్థిరత్వం పెద్దగా పోదు. పూర్తి వి-అడుగు పడవలు మీకు అనవసరం. అవి పెద్ద నీళ్లకి బాగుంటాయి, నిలబెట్టి ఆపినప్పుడు మాత్రం ఊగుతాయి, ఎక్కువ లోతు అడుగుతాయి.

16 అడుగులది ఎందుకు చెప్పలేదంటే, నీళ్ల వల్ల కాదు, మీ గరాజ్ వల్ల. ఫ్రిస్కో, ప్లేనో, అలెన్‌లలో చాలా కాలనీల్లో హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు డ్రైవ్‌వేలో పడవ నిలపనివ్వరు. మామూలు గరాజ్ లోతు 20 అడుగులు. 14 అడుగుల పడవ ట్రైలర్ ముందు కొక్కెం దగ్గర నుంచి మోటారు దాకా 17, 18 అడుగులు వస్తుంది. ట్రైలర్ ముక్కు మడతపడే రకమైతే ఇంకా కలిసొస్తుంది. 16 అడుగులది అందులో పట్టదు, నెలనెలా స్టోరేజీ అద్దె కట్టుకోవాలి. కొనేముందు టేపు పట్టుకుని గరాజ్ లోతు, తలుపు వెడల్పు కొలవండి. 1448 పైఅంచు వెడల్పు దాదాపు 70 అంగుళాలు ఉంటుంది, దానికి ట్రైలర్ చక్రాలు కూడా కలుపుకోండి.

బరువు సంగతి. 1448 ఖాళీ పడవ సుమారు 280 పౌండ్లు, మోటారు 100, ట్రైలర్ 300 నుంచి 350, బ్యాటరీ, పెట్రోలు, సామాను మరో 200. మొత్తం వెయ్యి పౌండ్ల లోపే. మామూలు పెట్రోల్ రావ్4 లాగే పరిమితి 1,500 పౌండ్లు కాబట్టి ఇబ్బంది లేదు. మొత్తం బరువులో పదో వంతు కారు కొక్కెం మీద పడేలా సర్దుకోండి. వెనక బరువు ఎక్కువైతే హైవే మీద ట్రైలర్ పాములా ఊగుతుంది.

ఇప్పుడు రేకు సంగతికొద్దాం. అమ్మేవాళ్లు 'వెల్డింగ్ పడవ, జీవితకాలం గ్యారంటీ' అని ఊదరగొడతారు. వెల్డింగ్ వల్ల లాభం ఉంది, రివెట్లు వదులై కారే బాధ ఉండదు. కానీ వెల్డింగ్ చేయాలంటే రేకు మందంగా ఉండాలి. అందుకే అవి సాధారణంగా 0.080 లేదా 0.100 అంగుళం రేకుతో, బరువుగా, ఖరీదుగా వస్తాయి. రివెట్ల పడవలు తరచు 0.050 లేదా 0.063 రేకు. నిశ్చలమైన నీళ్లకి 0.063 రివెట్ల పడవ చక్కగా సరిపోతుంది. రాళ్ల గట్టులకి ఈడ్చేవాళ్లు, నీటిలో మొద్దులున్న చోట వేగంగా పోయేవాళ్లు వెల్డింగ్‌ది తీసుకోవాలి. 0.050 రేకుది ఒక మనిషి నెత్తి మీద మోసుకెళ్లే చిన్న పడవకి బాగుంటుంది, మోటారు బరువు పెట్టి ఏళ్ల తరబడి అదరగొట్టడానికి కాదు. కొత్తది కొంటుంటే రేకు మిశ్రమం 5052 అని రాసి ఉందా చూడండి. చిన్న పడవలకి ఎక్కువగా వాడేది అదే, నీటికి బాగా తట్టుకుంటుంది.

ప్లేటు చదవడం నేర్చుకోండి. 20 అడుగుల లోపు మోటారు పడవలకి అమెరికా కోస్ట్ గార్డ్ నిబంధన ప్రకారం సామర్థ్యం చెప్పే ప్లేటు ఉంటుంది. అందులో ఎంతమంది, మనుషుల బరువెంత, మనుషులు, మోటారు, సామాను కలిపి ఎంత, గరిష్ఠంగా ఎన్ని హెచ్‌పీ అన్నవి ఉంటాయి. చాలామంది 'ముగ్గురు' అన్న మాట చదివి ఆగిపోతారు. పక్కనే '390 పౌండ్లు' అని ఉంటే ఆ ముగ్గురూ ఒక్కొక్కరు 130 పౌండ్లన్నమాట. మీరు 180, మీ ఆవిడ 140, బాబు 60, అప్పటికే 380. స్నేహితుడు ఎక్కితే హద్దు దాటినట్టే. మీకు చూపిస్తున్న 12 అడుగుల పడవ ప్లేటు దగ్గర నిలబడి ఈ కూడిక వేయండి, ఎందుకు వద్దన్నానో అక్కడే తెలుస్తుంది.

మొత్తం బరువు లెక్కలో మర్చిపోయేవి ఇవి: సీసం బ్యాటరీ 60 పౌండ్లు, మూడు గాలన్ల పెట్రోలు 18, ఐసుతో కూలర్ 40, లంగరు, తాళ్లు 20. ఇవన్నీ అలవాటుగా వెనకే పెడతారు. మోటారు వెనక, నడిపేవాడు వెనక, ట్యాంకు వెనక, బ్యాటరీ వెనక. దాంతో ముక్కు ఆకాశం చూస్తుంది, వెనక అంచు నీళ్లకి నాలుగంగుళాల్లోకి వస్తుంది. వేగంగా వెళ్తూ ఒక్కసారిగా మోటారు తగ్గిస్తే వెనక వచ్చే సొంత అలే ట్రాన్సమ్ (మోటారు తగిలించే వెనక గోడ) దాటి లోపలికి దూకుతుంది. చిన్న పడవలు నీళ్లు నింపుకోవడానికి ఇది పెద్ద కారణం. బ్యాటరీని ముందు బల్ల కిందికి మార్చి, మందమైన వైరు, ఆరో గేజ్‌ది, లాగండి. బ్యాటరీకి దగ్గర్లోనే 60 ఆంపుల బ్రేకర్ పెట్టండి. రేకునే నెగటివ్ తీగలా ఎప్పుడూ వాడకండి, కరెంటు పారే రేకుని నీళ్లు తినేస్తాయి.

మోటారు దగ్గరికొస్తే, ట్రోలింగ్ మోటారు ఒక్కటి చాలా అన్నారు. చిన్న చెరువుకైతే చాలు. నిండు బరువులో ప్రతి 100 పౌండ్లకి 2 పౌండ్ల తోపు (మోటారు పడవని నెట్టే బలం) అన్నది వాడుకలో ఉన్న లెక్క. మీ పడవ మనుషులతో వెయ్యి పౌండ్లు అనుకుంటే 20 చాలాలి. అది గాలి లేనప్పటి మాట, 45 కానీ 55 కానీ తీసుకోండి. 55 పౌండ్ల 12 వోల్టుల మోటారు పూర్తి వేగంలో దాదాపు 50 ఆంపులు లాగుతుంది. 100 ఆంప్-అవర్ సీసం బ్యాటరీలో సగమే వాడుకోవాలి కాబట్టి గంటలో అయిపోతుంది. అదే సామర్థ్యం లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌ది అయితే రెండు గంటలు, పైగా బరువు సగం కంటే తక్కువ. సగం వేగంలో నడిపితే ఇవి ఎన్నో రెట్లు వస్తాయి, ఎందుకంటే వేగం కొంచెం తగ్గినా కరెంటు వాడకం బాగా పడిపోతుంది. కానీ ఎంత పెద్ద ట్రోలింగ్ మోటారు పెట్టినా గంటకి ఐదు మైళ్ల దగ్గర ఆగిపోతారు. పడవ నీటిని చీల్చుకుంటూ పోతున్నంతసేపూ దాని పొడవే వేగానికి హద్దు. సాయంత్రం మబ్బు పట్టినప్పుడు రెండు మైళ్ల దూరంలో ఉంటే, ఎదురుగాలిలో అది తిరిగి వచ్చే వేగం కాదు. పిల్లాడు ఉన్న పడవకి పెట్రోల్ మోటారు అందుకే అంటున్నాను.

9.9నా, 20నా అన్నదానికి మీరు ఎక్కువగా వెళ్లే నీళ్లే సమాధానం. డల్లాస్ వైట్ రాక్ లేక్‌లో 10.5 హెచ్‌పీ దాటిన మోటారుకి అనుమతి లేదు. అదే మీ ప్రధానమైన చోటైతే 9.9 తీసుకోండి. ఇద్దరితో 1448 ఏదోలా నీటి మీదికి లేస్తుంది, నలుగురితో లేవదు, ముక్కెత్తి ఈడుస్తుంది. లూయిస్‌విల్, లవాన్ పాయలే ఎక్కువైతే 20 హాయి. కొన్ని కంపెనీల్లో 9.9, 15, 20 మూడూ ఒకే ఇంజన్ మీద తయారవుతాయి. అక్కడ బరువు తేడా ఉండదు, 20కే వెళ్లడం లాభం. ప్లేటు మీది గరిష్ఠ హెచ్‌పీ మాత్రం దాటకండి. టెక్సాస్‌లో 1993 సెప్టెంబర్ 1న కానీ ఆ తర్వాత కానీ పుట్టినవాళ్లు 15 హెచ్‌పీ దాటిన పడవ నడపాలంటే బోటర్ ఎడ్యుకేషన్ పూర్తిచేసి ఉండాలి. మీ వయసు చూసుకోండి.

షాఫ్ట్ పొడవు తప్పు కొనేవాళ్లు ఎందరో. ట్రాన్సమ్ ఎత్తు మధ్యలో కొలవండి. 15 అంగుళాలైతే పొట్టి షాఫ్ట్, 20 అయితే పొడుగు షాఫ్ట్. మోటారు ఫ్యాన్ పైన ఉండే అడ్డ రేకు పడవ అడుగుకి సమానంగా, లేదా అంగుళం కిందుగా ఉండాలి. ఇంకా పైనుంటే మలుపుల్లో గాలి పీల్చి ఊరికే తిరుగుతుంది, మరీ కిందుంటే నీళ్లు ఎగజిమ్ముతూ వేగం చంపుతుంది.

పాత మోటారు అంటే భయం ఎందుకన్నానంటే, పంపుల్లో దొరికే పదిశాతం ఇథనాల్ పెట్రోలు నెలలు నిలవుంటే కార్బ్యురేటర్‌లో బంకలా గడ్డకడుతుంది. అమ్మేవాడు ముందే వేడి చేసి ఉంచిన ఇంజన్ చూపిస్తాడు. మీరు వెళ్లేసరికి చల్లగా ఉండాలని ముందే చెప్పండి. చేత్తో తాకి చూసి, అప్పుడు స్టార్ట్ చేయించండి. చల్లబరిచే నీటిధార సన్నగా కానీ, ఆగి ఆగి కానీ వస్తుంటే పంపులోని రబ్బరు ఇంపెల్లర్ పోయినట్టు. అది చిన్న ఖర్చే. కింది గేరు నూనె పాల రంగులో ఉంటే లోపలికి నీళ్లు దిగాయి, అక్కణ్నుంచి వచ్చేయండి.

పాత పడవని పరీక్షించేటప్పుడు నేను చూసే వరుస ఇది. ముందు ట్రాన్సమ్. మోటారు కింది కొసని పట్టుకుని పైకీ కిందికీ గట్టిగా ఊపండి, వెనక గోడ కదిలితే లోపలి ప్లైవుడ్ కుళ్లింది. మార్చుకోవచ్చు, ఒక వారాంతం పని. ఆ తర్వాత బల్లల కింది ఫోమ్. పడవ మునిగినా తేలేలా చూసేది అదే. నీళ్లు పీల్చిన ఫోమ్ వందల పౌండ్లు ఎక్కిస్తుంది. ఇద్దరు ఒక వైపు ఎత్తితే ఉండాల్సినదాని కంటే బరువనిపిస్తే అనుమానించండి. కొందరు జాగా కోసం మధ్య బల్ల కోసేస్తారు. ఆ బల్ల పక్కగోడల్ని కలిపి ఉంచే దూలం కూడా, దాంతోపాటు ఫోమ్ పోతుంది. బల్ల కోసిన పడవ కొనకండి. ఎత్తుగా ప్లైవుడ్ డెక్ వేసినవీ అంతే, నిలబడ్డ మనిషి బరువు ఇంకా పైకి పోతుంది.

కారుతుందా లేదా తెలియాలంటే ట్రైలర్ మీదే లోపల నీళ్లు పోసి కింద నుంచి ఏ రివెట్టు చెమరుస్తోందో చాక్‌పీసుతో గుర్తుపెట్టాలి. రెండంగుళాల లోతు చాలు. మూడంగుళాలు నింపితే 14 అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు పడవలోనే 650 పౌండ్ల నీళ్లవుతాయి, 48 అంగుళాలదైతే ఇంకా ఎక్కువ. ట్రైలర్ కర్రల మధ్య రేకు కుంగుతుంది. నాలుగైదు రివెట్లు చెమరిస్తే బేరమాడటానికి పనికొస్తుంది. ఒకరు బయట సుత్తితో, ఒకరు లోపల బరువైన ఇనుప దిమ్మతో నొక్కి పెడితే మళ్లీ బిగుస్తాయి. మార్చాల్సి వస్తే గట్టి రివెట్టు కానీ, కొన మూసి ఉన్న రకం కానీ వేయాలి. హార్డ్‌వేర్ షాపులో దొరికే బోలు పాప్ రివెట్టు మధ్య నుంచే కారుతుంది. లోపల మందంగా ట్రక్ బెడ్ లైనర్ పూసి ఉంటే అందంగా ఉందని మురిసిపోకండి, అది ఎక్కువసార్లు కారుడు దాచే పూత. బల్లల మూలల్లో పగుళ్లున్నాయేమో వేలితో తడిమి చూడండి.

అల్యూమినియం తుప్పు పట్టదు కదా అంటారు. ఇనుములా పట్టదు, కానీ రాగి పక్కన తడిగా ఉంటే గుంటలు పడుతుంది. లోపల పడిన ఒక్క పాత రాగి పెన్నీ నాణెం కూడా రేకుకి గుంట పెట్టగలదు. ప్రెషర్ ట్రీటెడ్ చెక్కలో రాగి లవణాలుంటాయి కాబట్టి దాన్ని ట్రాన్సమ్‌కి కానీ, డెక్‌కి కానీ వాడకూడదు. మెరైన్ ప్లైవుడ్ తీసుకుని అన్ని వైపులా ఎపాక్సీ పూయండి, ముఖ్యంగా కోసిన అంచులకి, బోల్టు రంధ్రాల లోపలికి. స్టీలు బోల్టుకీ రేకుకీ మధ్య సీలెంట్ ఉండాలి.

కాగితాల విషయం క్లుప్తంగా. టెక్సాస్‌లో ట్రోలింగ్ మోటారు పెట్టినా అది మోటారు పడవే, పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ దగ్గర నమోదు చేయించాలి. అవుట్‌బోర్డ్ మోటారుకి (పడవ వెనక బయట తగిలించేది) విడిగా ఇంకో టైటిల్, అంటే యాజమాన్య పత్రం, ఉంటుంది. పడవది మాత్రమే ఇచ్చి 'మోటారుకి అక్కర్లేదు' అనేవాడి దగ్గర కొనకండి. వెనక కుడివైపు పై మూలలో 12 అక్షరాల హల్ నంబరు ఉంటుంది, చివరి రెండంకెలు మోడల్ సంవత్సరం. అది టైటిల్‌తో కలవాలి. ట్రైలర్ రిజిస్ట్రేషన్ కౌంటీ ట్యాక్స్ ఆఫీసులో.

నీళ్ల మీద 13 ఏళ్ల లోపు పిల్లలు లైఫ్ జాకెట్ వేసుకునే ఉండాలి, మీ బాబుకి ఇది చట్టం. పెద్దవాళ్లకి ఒక్కొక్కరికి ఒకటి పడవలో ఉంటే చాలంటుంది చట్టం. ఈత రాని పెద్దవాళ్లు మనలో ఎందరో ఉన్నారు కాబట్టి అందరూ వేసుకోండి. 3 హెచ్‌పీ, ఆపైన మోటారుకి ఇంజన్ ఆపే తాడు నడిపేవాడికి తగిలించి ఉండాలని 2021 ఏప్రిల్ 1 నుంచి ఫెడరల్ నియమం. వెనక కూర్చుని టిల్లర్ (మోటారుని తిప్పే పిడి) పట్టుకునేవాడు పడిపోతే పడవ గుండ్రంగా తిరిగి అతని మీదికే వస్తుంది. ఆ తాడు అందుకే. రెండు తెడ్లు ఎప్పుడూ ఉంచుకోండి.

టెక్సాస్ ఎండలో రేకు పెనంలా కాలుతుంది, ఏ చిన్న వస్తువు పడినా ఢాంగుమని చేపలన్నీ చెదిరిపోతాయి. రెండింటికీ మందు ఒకటే, నేల మీద ఫోమ్ షీటు. కార్పెట్ వద్దు, తడి పట్టుకుని వాసన వస్తుంది.

హైవే మీద వచ్చి వేడెక్కిన చక్రాల్ని వెంటనే నీళ్లలోకి దింపకండి. బేరింగ్ ఒక్కసారిగా చల్లబడి లోపలికి నీళ్లు పీల్చుకుంటుంది, ఆ గ్రీజు పాడై ఎప్పుడో ఒకరోజు చక్రం రోడ్డు మీద ఊడొచ్చు. ఓ పావుగంట ఆగి, ఆ వ్యవధిలో సామాను సర్దుకోండి.

ఆ పావుగంటలోనే డ్రెయిన్ ప్లగ్ (పడవలోని నీళ్లు వదిలే రంధ్రానికి పెట్టే బిరడా) పెట్టండి. 2009లో లేక్ టెక్సోమాలో జీబ్రా ఆల్చిప్పలు బయటపడ్డాక టెక్సాస్‌లో అవి చాలా లేకులకి పాకాయి. ఇప్పుడు బయటికొచ్చేటప్పుడు పడవలోని నీరంతా వదిలేయడం చట్టం. అంటే ప్రతిసారీ ప్లగ్ తీసే ఇంటికెళ్తారు, ప్రతిసారీ అది లేకుండానే ర్యాంప్‌కి వస్తారు. దాన్ని ట్రైలర్ కట్టుతాడు కొక్కేనికే గొలుసుతో వేలాడదీయండి. ఆ కొక్కెం విప్పకుండా పడవ దిగదు, ప్లగ్ కళ్లబడకుండా కొక్కెం విప్పలేరు.